ఖరీదైన ట్యూన్డ్ స్పోర్ట్స్ కార్లు పెట్టిన డబ్బుకు తగినవేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్డరు మీద ప్రత్యేకంగా కట్టించుకునే స్పోర్ట్స్ కార్ల గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాము. అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలను ఉంచాము. ఏ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

సూటిగా చెప్పండి, ఇంత డబ్బు పెట్టడం దండగ కాదా?

మీరు కొంటున్నది హార్స్‌పవర్ మాత్రమే అయితే దండగే. పెద్ద కంపెనీ ఒక ఇంజిన్‌ను రూపొందించడానికి అయిన ఖర్చును వేల కార్ల మీద పంచుతుంది. చిన్న వర్క్‌షాపు అదే ఖర్చును పదుల కార్ల మీద పంచవలసి వస్తుంది. అందుచేత ఒక్కో హార్స్‌పవర్‌కు పడే ధర చూసుకుంటే ఫ్యాక్టరీ కారే ఎప్పుడూ చవక. మంచి ట్యూనర్, అంటే కారు యంత్రభాగాలను మార్చి మెరుగుపరిచే వర్క్‌షాపు, అమ్మేది వేరొకటి: ఇంజిన్, బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగ్, సీటు అన్నీ ఒకే మనిషి మనసులో నుంచి వచ్చినట్టు కలిసి పనిచేసే కారు, ఆ కలయిక కుదిరేదాకా రోడ్డు మీద వెచ్చించిన పరీక్షా గంటలు. ఆ గంటలు నిజంగా పెట్టిన కారైతే ధర న్యాయమైనదే అని నా అభిప్రాయం. అవి లేకుండా బాడీకిట్టు, బ్యాడ్జీ, పెద్ద సైలెన్సరు శబ్దం మాత్రమే ఉన్న కారుకు ఎంత తక్కువ ఇచ్చినా ఎక్కువ ఇచ్చినట్టే.

ఫ్యాక్టరీవాళ్ళే రంగులు, తోలు అన్నీ మన ఇష్టప్రకారం చేసి ఇస్తున్నారు కదా, ట్యూనర్ దగ్గరకు ఎందుకు వెళ్ళాలి?

ఈ రంగంలో మూడు రకాల పనులు ఉన్నాయి, వాటిని కలిపి చూడడం వల్లనే చాలామంది మోసపోతున్నారు. మొదటిది ఫ్యాక్టరీ చేసే ప్రత్యేక అలంకరణ: ఫెరారీవారి టైలర్ మేడ్ వంటి విభాగాలు రంగు, తోలు, కుట్టు, చెక్క వంటివి మీ కోరిక మేరకు మారుస్తాయి, యంత్రభాగాలను చాలావరకు తాకవు, వారంటీ అలాగే ఉంటుంది. రెండవది ట్యూనర్ పని: కొత్త కారును తీసుకుని ఇంజిన్, ఎగ్జాస్ట్, సస్పెన్షన్, చక్రాలు మార్చడం, 1977లో జర్మనీలోని బోట్రోప్‌లో మొదలైన బ్రాబస్ ఈ కోవకు చెందినది. మూడవది పునర్నిర్మాణం: పాత కారును లోహపు చట్రం వరకు విప్పేసి, దాదాపు ప్రతి భాగాన్నీ కొత్తగా చేసి మళ్ళీ కట్టడం. 2009లో రాబ్ డికిన్సన్ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో స్థాపించిన సింగర్ చేసేది ఇదే. అందమైన రంగు, లోపలి అలంకరణ మాత్రమే మీకు కావాలనుకుంటే ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోవడం మంచిది. కారు నడక మారాలనుకుంటేనే ట్యూనర్ అవసరం పడుతుంది.

ముప్పై ఏళ్ళ నాటి కారును బాగు చేసి కొత్త సూపర్‌కారు కన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, అందులో అంత ఏముంది?

ఒక ఉదాహరణ పట్టుకుని లెక్క చూద్దాం. సింగర్ పనిచేసేది 1989 నుంచి 1994 వరకు వచ్చిన పోర్షే 911 మీద; ఆ తరాన్ని 964 అంటారు. అందులోని 3.6 లీటర్ల ఎయిర్ కూల్డ్ (గాలితో చల్లబడే) ఇంజిన్ మామూలుగా 250 హార్స్‌పవర్ ఇచ్చేది. ఫార్ములా వన్ రేసు జట్టు విలియమ్స్ ఇంజినీరింగ్ విభాగంతో కలిసి సింగర్ చేసిన డీఎల్‌ఎస్ అనే కారులో అదే కుటుంబానికి చెందిన ఇంజిన్‌ను 4 లీటర్లకు పెంచి, టర్బో లేకుండానే 500 హార్స్‌పవర్ రాబట్టి, నిమిషానికి 9,000 చుట్లు దాటి తిరిగేలా చేశారు. ఆ ఇంజిన్ వంశానికి మూలపురుషుడైన పోర్షే ఇంజినీరు హాన్స్ మెజ్గర్ సలహాదారుగా పనిచేశారు. ఇంత పనికి అయిన ఖర్చంతా పంచుకున్నది 75 కార్లు. ధర ఆకాశంలో ఉండడానికి ప్రధాన కారణం ఈ భాగహారమే. తోలు, కుట్టు దాని తరువాతి సంగతి.

ఇలాంటి పునర్నిర్మాణపు కారొకటి మూత ఎత్తి ఉండగా దగ్గరగా చూసే అవకాశం ఒకసారి నాకు దొరికింది. గొట్టాలను బిగించిన క్లిప్పుల స్క్రూలన్నీ ఒకే దిక్కుకు, చేయి దూరేవైపుకే తిరిగి ఉన్నాయి. ప్రతి బోల్టు తల నుంచి పక్కనున్న లోహం మీదకు సన్నని పసుపు గీత గీసి ఉంది. బోల్టు ఏ కొంచెం వదులైనా ఆ గీత విరిగి కనిపిస్తుంది. కారు యజమాని ఎన్నడూ చూడని చోట, ఇంజిన్ అడుగున కూడా ఆ గీతలు ఉన్నాయి. డబ్బు ఎటు పోయిందో నాకు అక్కడ అర్థమైంది.

500 హార్స్‌పవర్ కారును 700 చేయిస్తే అంత వేగం పెరుగుతుందా?

పెరగదు. అధిక వేగంలో ఇంజిన్ శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది, దానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. గరిష్ఠ వేగం 10 శాతం పెరగాలంటే శక్తి సుమారు 33 శాతం పెరగాలి. 500ను 700 చేస్తే శక్తి 40 శాతం పెరిగినా గరిష్ఠ వేగం 12 శాతం దగ్గరే ఆగిపోతుంది. తక్కువ వేగంలోనేమో టైర్ల పట్టు అడ్డుపడుతుంది. టైరు జారిపోతున్నప్పుడు అదనపు శక్తి పొగగా మారడం తప్ప కారును ముందుకు నెట్టదు. తేడా స్పష్టంగా తెలిసేది మధ్య వేగాల్లో, ఓవర్‌టేక్ చేసే క్షణంలో. అదే డబ్బు టైర్లు, బ్రేకులు, డ్యాంపర్ల (స్ప్రింగుల ఊగును అదుపుచేసే షాక్ అబ్జార్బర్ల) మీద పెడితే ప్రతి మలుపులోనూ తెలుస్తుంది.

## ట్యూనర్‌ను ఎంచుకునేటప్పుడు

అందరూ మేమే గొప్ప అంటున్నారు, ఎవరు మంచివాళ్ళో బయటివాడికి ఎలా తెలుస్తుంది?

ఒక్క ప్రశ్న అడగండి: "ఈ కారును తయారుచేసే క్రమంలో మీ చేతుల్లో ఏమేమి విరిగాయి?" నిజమైన ఇంజినీరు ఈ ప్రశ్నకు ఉత్సాహపడతాడు. ఫలానా షాఫ్టు ఎక్కడ పగిలిందో, ఆయిల్ ఏ మలుపులో పంపుకు అందకుండా పోయిందో, దానికి ట్యాంకులో అడ్డుగోడలు ఎలా పెట్టాడో గంటసేపు చెబుతాడు, వీలైతే విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి చూపిస్తాడు. మా దగ్గర ఏదీ విరగలేదు అని చెప్పేవాడు అసలు పరీక్షించలేదనే అర్థం.

ఆ తరువాత వాళ్ళ సొంత పరీక్షా కారును చూపించమని, అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పమని అడగాలి. పూర్తయి కస్టమర్ల దగ్గరకు వెళ్ళి కనీసం రెండు మూడేళ్ళుగా తిరుగుతున్న కార్ల యజమానులతో మాట్లాడాలి. కొత్తగా డెలివరీ తీసుకున్నవారి ఆనందం సాక్ష్యంగా పనికిరాదు.

ఈ రంగంలో నిలిచిన పేర్లన్నీ ఇలా పరీక్షల మీదనే నిలిచాయి. 1967లో హాన్స్ వెర్నర్ ఆఫ్రెష్ట్, ఎర్హార్డ్ మెల్షర్ అనే ఇద్దరు ఇంజినీర్లు మెర్సిడెస్ కార్లను ట్యూన్ చేయడానికి ఏఎంజీని ప్రారంభించారు. 1971లో వాళ్ళు తయారుచేసిన 6.8 లీటర్ల మెర్సిడెస్ 300 ఎస్‌ఈఎల్ అనే బరువైన సెడాన్ బెల్జియంలోని స్పా 24 గంటల పందెంలో రెండవ స్థానంలో వచ్చింది. ఒక పగలూ ఒక రాత్రీ పూర్తి వేగంతో నడిచి నిలబడిన ఇంజిన్‌కు వేరే ప్రచారం అక్కరలేదు. జర్మనీలోనే ఫాఫెన్‌హౌజెన్‌లోని రూఫ్ సంస్థ పోర్షే చట్రాల మీద కట్టే కార్ల మీద తన సొంత చాసిస్ నంబరు వేసుకుంటుంది; 1981లోనే దానికి తయారీదారుగా అధికారిక గుర్తింపు వచ్చింది. బీఎమ్‌డబ్ల్యూ కార్లతో పనిచేసిన ఆల్పినాకు అదే గుర్తింపు 1983లో వచ్చింది. అటువంటి హోదా ఉన్న సంస్థ తన కారుకు తానే పూర్తి బాధ్యత వహించవలసి ఉంటుంది.

డైనో షీటు మీద అంకెలు చూపిస్తున్నారు, నమ్మవచ్చా?

ఒక్క షీటును నమ్మకూడదు. డైనో అంటే కారును రోలర్ల మీద నడిపి శక్తిని కొలిచే యంత్రం, అది కొలిచేది సాధారణంగా చక్రాల దగ్గర వచ్చే శక్తి. దాన్ని ఇంజిన్ దగ్గరి శక్తిగా మార్చేటప్పుడు గేర్‌బాక్సు, షాఫ్టులలో పోయే నష్టాన్ని అంచనా వేసి కలుపుతారు, ఆ అంచనాను పెంచితే షీటు మీద అంకె కూడా పెరుగుతుంది. కాబట్టి మార్పుకు ముందు, మార్పు తరువాత ఒకే యంత్రం మీద తీసిన రెండు షీట్లు అడగాలి. అంతకన్నా ముఖ్యంగా, విరామం లేకుండా వరసగా ఐదారు సార్లు నడిపిన ఫలితాలు అడగాలి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చాలకపోతే మొదటి పరుగులో వచ్చిన శక్తి ఐదవ పరుగుకు బాగా పడిపోతుంది, ఎందుకంటే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి వేడెక్కుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్‌ను కొట్టడం) రాకుండా కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది. అత్యధిక అంకె కన్నా టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) గీత ఆకారం చూడండి: మధ్య వేగాల్లో నిండుగా, గుంటలు లేకుండా ఉన్న గీతే రోడ్డు మీద హాయినిస్తుంది.

ఒక్క సాఫ్ట్‌వేర్ రీమ్యాప్‌తో శక్తి పెరుగుతుందంటున్నారు, మిగతా ఖర్చంతా ఎందుకు?

రీమ్యాప్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని లెక్కలను మార్చడం. టర్బో ఇంజిన్ల విషయంలో ఆ మాట నిజమే. బూస్టు (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచితే శక్తి గణనీయంగా పెరుగుతుంది. టర్బో లేని ఇంజిన్‌లో రీమ్యాప్ వల్ల వచ్చేది స్వల్పం. అయితే కంప్యూటర్ మారినంత మాత్రాన క్లచ్, గేర్‌బాక్సు, బ్రేకులు మారవు. నాకు తెలిసిన ఒకాయన ఒక వర్క్‌షాపులో రీమ్యాప్ చేయించుకుని మొదటి నెల చాలా సంతోషంగా ఉన్నారు. తరువాత ఒకరోజు నేను పక్క సీటులో ఉండగా ఎత్తుపల్లాల రోడ్డు మీద మూడవ గేరులో ఆయన యాక్సిలరేటర్ తొక్కారు. ఇంజిన్ చుట్లు చూపే టాకోమీటర్ ముల్లు చకచకా పైకి లేచింది, స్పీడోమీటర్ ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది, కాసేపటికి కాలిన వాసన కారంతా నిండింది. పెరిగిన టార్క్‌ను పాత క్లచ్ పట్టుకోలేకపోయింది. అడిగితే వర్క్‌షాపువారు క్లచ్ మా పని కాదన్నారు. కారు మొత్తాన్ని లెక్కలోకి తీసుకునే ట్యూనర్ తీసుకునే డబ్బులో ఎక్కువ భాగం ఇలాంటి చోట్లకే పోతుంది.

బ్రేకుల సంగతి కూడా ఇంతే. కారును ఆపడానికి పీల్చుకోవలసిన శక్తి వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకు 200 కిలోమీటర్ల నుంచి ఆపడంతో పోలిస్తే 250 నుంచి ఆపడానికి ఒకటిన్నర రెట్లకు మించిన వేడిని డిస్కులు భరించాలి.

కార్బన్ ఫైబర్ బాడీ తీసుకోవాలా?

బరువు తగ్గడమే లక్ష్యమైతే తీసుకోవచ్చు, ముఖ్యంగా పైకప్పు, బానెట్ వంటి ఎత్తైన భాగాలకు. మెరిసే నేత కనిపించడం కోసమే అయితే ఆ డబ్బు డ్యాంపర్లకు పెట్టండి.

## ఆర్డరు ఇచ్చాక

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి? మధ్యలో కంపెనీ మూతపడితే?

చిన్న సంస్థలు మూతపడడం ఈ రంగంలో కొత్త కాదు కనుక ఈ భయం న్యాయమైనదే. డబ్బును పని దశలతో ముడిపెట్టండి: కారు విప్పడం, బాడీ పూర్తికావడం, పెయింటు, ఇంజిన్ డైనో మీద నడవడం, డెలివరీ. ప్రతి దశకూ ఫొటోలు, వీలైతే స్వయంగా చూసిరావడం ఉండాలి. మూల కారు రిజిస్ట్రేషన్ చివరిదాకా మీ పేరునే ఉండాలి; మీ డబ్బుతో కొన్న భాగాలు మీవే అని ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. మొత్తం ముందే కట్టమనే సంస్థ, గత కస్టమర్ కారును మీ డబ్బుతో పూర్తిచేస్తున్నదేమో అని అనుమానించాలి.

సస్పెన్షన్ ఎంత గట్టిగా కావాలి అని అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

అంకె చెప్పకండి, రోడ్డు చెప్పండి. ఎక్కువమంది "గట్టిగా ఉండాలి" అంటారు, ఎందుకంటే గట్టిదనం అంటే రేసు కారు అనే భావం మనలో పాతుకుపోయింది. కాని రేసు ట్రాక్ నున్నగా ఉంటుంది, మనం నడిపే రోడ్డు ఉండదు. గతుకుల మీద స్ప్రింగు మరీ గట్టిగా ఉంటే టైరు నేలను వదిలి గాలిలోకి లేస్తుంది, గాలిలో ఉన్న టైరుకు పట్టు ఉండదు, కాబట్టి గట్టి కారు ఆ రోడ్డు మీద నిజానికి నెమ్మదైన కారు. మంచి ట్యూనర్ స్ప్రింగులను మెత్తగా ఉంచి డ్యాంపర్లను జాగ్రత్తగా సరిచేస్తాడు. కారు గతుకును మింగి, రెండవసారి ఊగకుండా నిలబడుతుంది.

మీరు ఎక్కువగా వెళ్ళే దారిలో ట్యూనర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీ ప్రస్తుత కారులోనే ఒక గంట తిప్పండి. ఎక్కడ ఇబ్బంది అనిపిస్తుందో అక్కడే చెప్పండి. ఆ గంటకు రమ్మంటే రానన్నవారికి ఆర్డరు ఇవ్వకపోవడమే మేలు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత విలువైన గంట అదే. బీస్పోక్ (ఒకరి కోసమే ప్రత్యేకంగా చేయించినది) అన్న మాటకు అసలు అర్థం కూడా అక్కడే ఉంది.

చెప్పిన తేదీకి ఎందుకు ఇవ్వరు?

భాగాలు తయారుచేసే చిన్న సరఫరాదారులు, పెయింటు మళ్ళీ చేయవలసి రావడం, పరీక్షలో బయటపడిన లోపాలు ప్రధాన కారణాలు. మూడవ కారణం వల్ల ఆలస్యమైతే సంతోషించండి.

పని మధ్యలో మనసు మారితే మార్పులు అడగవచ్చా?

పెయింటు మొదలయ్యేదాకా రంగు, కుట్టు మొదలయ్యేదాకా తోలు మార్చుకోవచ్చు. ఇంజిన్, గేర్ నిష్పత్తులు, టైరు కొలతలు మాత్రం ఒకదాన్ని బట్టి మరొకటి నిర్ణయించినవి. ఒక్కటి కదిపితే మిగతావన్నీ మళ్ళీ లెక్కవేయాలి.

## కారు చేతికి వచ్చే రోజు

డెలివరీ తీసుకునేటప్పుడు ఏమేమి చూసుకోవాలి?

నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పండి. ట్యూన్ చేసిన ఇంజిన్ అసలు స్వభావం చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది: మొదటి తిప్పుకే అందుకుని, ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) ఊగకుండా నిలబడితే మ్యాపింగ్ చేసినవాడు పూర్తి వేగం ఒక్కటే కాక చల్లని ఉదయాలను కూడా పట్టించుకున్నాడన్నమాట. ఆ పైన కనీసం గంటసేపు నడపండి, అందులో కొంతసేపు నత్తనడక ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నడపండి; ఉష్ణోగ్రత ముల్లు కదలకూడదు. స్టీరింగ్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పి, టైరు లోపలి అంచు ఫెండరుకు రాసుకుంటున్నదేమో వినండి. తిరిగి వచ్చాక కారును పైకి లేపించి ఆయిల్ చెమ్మ, వేడికి రంగు మారిన గొట్టాలు, ఎగ్జాస్టుకు మరీ దగ్గరగా పోతున్న వైర్లు వెతకండి.

కాగితాల విషయానికి వస్తే వీల్ అలైన్‌మెంట్ కొలతలు, వాడిన భాగాల జాబితా, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మ్యాప్ ప్రతి తప్పక తీసుకోవాలి. మ్యాప్ ప్రతి మీ దగ్గర లేకపోతే ఆ వర్క్‌షాపు లేనినాడు మీ ఇంజిన్‌ను ఎవరూ సరిచేయలేరు.

కొత్తగా కట్టిన ఇంజిన్‌ను మొదట్లో మెల్లగా నడపాలా?

కట్టినవారు రాసిచ్చిన పద్ధతినే పాటించండి. సాధారణంగా పూర్తి వేగం వద్దంటారు, అలాగని ఒకే వేగంతో గంటల తరబడి నడపడం కూడా మంచిది కాదు, ఎందుకంటే పిస్టన్ రింగులు సిలిండరు గోడకు సరిగ్గా ఒదగాలంటే లోడు మారుతూ ఉండాలి. మొదటి ఆయిల్ మార్పు త్వరగానే చేయించి, ఫిల్టరును కోయించి లోహపు రజను ఉన్నదేమో చూడండి.

## నడుపుతున్న కాలంలో

వారంటీ పోతుందా?

మార్చిన భాగాల మీద, వాటి వల్ల ఒత్తిడి పెరిగిన భాగాల మీద ఫ్యాక్టరీ వారంటీ పోయినట్టే భావించండి. పెద్ద ట్యూనర్లు సొంత వారంటీ ఇస్తారు. అది ఎన్నేళ్ళు అన్నదానికన్నా అందులో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం.

ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పుల గురించి చెప్పాలా?

ప్రతి మార్పునూ రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పని మార్పు ఒక్కటి బయటపడినా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. మార్కెట్ విలువ మీద కాకుండా ముందుగా ఒప్పుకున్న స్థిర విలువ మీద పాలసీ తీసుకోవడం మంచిది. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు మీ కారును అదే సంవత్సరపు మామూలు కారుగా లెక్కకట్టి డబ్బిస్తారు. ఉద్గారాలు, శబ్దం, చక్రాల వెడల్పు విషయంలో మీరున్న చోటి రవాణా చట్టం ఏమంటుందో ఆర్డరుకు ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే రోడ్డు అనుమతి లేని కారుకు బీమా కూడా నిలవదు.

ఇంత ఖరీదైన కారును రోజూ నడపవచ్చా, లేక దాచుకోవాలా?

నడపండి. నిలిపి ఉంచిన కారులో సీళ్ళు ఎండిపోతాయి, పెట్రోలు పాతబడి ఇంజెక్టర్లకు పేరుకుంటుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోయి చదునవుతాయి, బ్రేక్ డిస్కులకు తుప్పు పడుతుంది. ఇంజినీర్లు నెలల తరబడి రోడ్డు మీద సరిదిద్దిన నడకను అనుభవించకపోతే, మీరు కొన్నదానిలో ప్రధాన భాగాన్ని అసలు తీసుకోనట్టే. వారానికి ఒక్కసారైనా ఆయిల్ పూర్తిగా వేడెక్కేంత దూరం తిప్పాలి. ఊరికే స్టార్ట్ చేసి పది నిమిషాల్లో ఆపేయడం వల్ల ఎగ్జాస్టులో, ఆయిల్‌లో తేమ చేరి మేలుకన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

## అమ్మాలనుకున్నప్పుడు

పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

చాలా కార్లకు రాదు. మీ అభిరుచికి కుట్టించిన చొక్కా మరొకరికి సరిపోవడం కష్టమైనట్టే, మీ ఇష్టానికి కట్టించిన కారుకు కొనేవారు తక్కువ. విలువ నిలిచేది పరిమిత సంఖ్యలో వచ్చి, పేరున్న తయారీదారు చేసి, పూర్తి రికార్డులు ఉన్న కార్లకు మాత్రమే. రూఫ్ 1987లో తెచ్చిన సీటీఆర్ కారును తీసుకోండి. 3.4 లీటర్ల జంట టర్బో ఇంజిన్, 469 హార్స్‌పవర్. అప్పట్లో జర్మనీలోని ఏరా లెస్సియెన్ ట్రాక్ మీద గంటకు 339 కిలోమీటర్ల వేగం అందుకుని, పెద్ద కంపెనీల కార్లను దాటిపోయింది. పసుపు రంగు వల్ల ఎల్లోబర్డ్ అని పేరు తెచ్చుకున్న ఆ కారును నేడు సేకరించేవారు వెతికి కొంటున్నారు. ఆ విలువ దాని చరిత్ర వల్ల వచ్చింది, మొదట కొన్నవారు ఆ చరిత్రను ఊహించి కొనలేదు. లాభం మీద కన్నేసి ఆర్డరు ఇచ్చేవారికి నా సలహా, ఆ డబ్బును మరెక్కడైనా పెట్టుకోమనే.

తీసేసిన ఒరిజినల్ భాగాలను ఏం చేయాలి?

ఒక్క నట్టు కూడా పారేయనివ్వకండి. ఎగ్జాస్టు, సీట్లు, చక్రాలు, స్టీరింగ్, డ్యాంపర్లు, అన్నీ వర్క్‌షాపు నుంచి తిరిగి తీసుకుని, ఆయిల్ రాసి, పొడిగా ఉండే చోట పెట్టెల్లో భద్రపరచండి. ప్రతి పెట్టె మీద చాసిస్ నంబరు, తీసిన తేదీ, అప్పటి ఓడోమీటర్ రీడింగ్ రాయండి. కారును మళ్ళీ మొదటి రూపానికి తెచ్చుకునే వీలుందని తెలిస్తే కొనేవాడు ధైర్యంగా ముందుకు వస్తాడు, కొన్నిసార్లు ఆ పెట్టెల కోసమే బేరం కుదురుతుంది.